చేప కార్జం చెప్పిన కబురు



మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాదులో చేపల బజార్లకు జాతర కళ వస్తుంది. ఆ పొద్దున చాంద్రాయణగుట్ట చౌరస్తా నుంచి బార్కాస్ వైపు వెళ్లినా, ఫలక్‌నుమా వైపు దిగినా, రోడ్డు పక్కన గోనెపట్టా పరిచి, కత్తిపీట ముందేసుకుని కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. రవ్వ, బొచ్చె ఐసు మీద ఉంటాయి. కొర్రమీను మాత్రం టబ్బులో బతికే ఉంటుంది. "జర పైలం భాయ్, చేదు పలగనియ్యకు" అంటుంది కొనే ఆమె. "ఫికర్ నక్కో కరో అమ్మా" అంటాడు కోసేవాడు. పొట్ట చీల్చి, ముదురాకుపచ్చ తిత్తిని పగలకుండా రెండు వేళ్లతో లాగి పక్కన పడేస్తాడు. దాన్ని అంటుకుని ఉన్న గోధుమరంగు మెత్తటి కార్జం కూడా చాలాసార్లు దానితోనే పోతుంది. పిల్లుల పంట పండుతుంది.

ఇవాళ నేను చెప్పబోయేది ఆ పారేసే ముక్క గురించే. చేప కార్జాన్ని ప్రయోగశాలకు తీసుకెళ్లి, అది రసాయనాలను ఏం చేస్తుందో చూసే శాస్త్రం ఒకటుంది. దానికీ మన హైదరాబాదుకూ మనం అనుకున్నదానికంటే దగ్గరి సంబంధం ఉంది.

ముందు ఆ ఆకుపచ్చ తిత్తి సంగతి తేల్చేద్దాం. అది పిత్తాశయం. కార్జం తయారుచేసిన పిత్తరసం అందులో నిలవ ఉంటుంది. పగిలితే కూర చేదెక్కడం ఒక్కటే ఇబ్బంది అనుకోకండి. షుగరు తగ్గుతుందనీ, ఉబ్బసం పోతుందనీ కొందరు దాన్ని పచ్చిగా మింగుతారు. రవ్వ, బొచ్చె జాతి చేపల పిత్తంలో సిప్రినాల్ అనే పదార్థం ఉంటుంది, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇలా మింగి డయాలిసిస్ దాకా వెళ్లినవాళ్ల కేసులు మన దేశపు వైద్య పత్రికల్లో ఉన్నాయి. వండినా ఆ విషం పోదు. కాబట్టి కత్తిపీట ముందు కూర్చున్న ఆయన చేసే పని సరైన పనే.

ఇక కార్జం. నీళ్లలో ఉన్న రసాయనం చేప ఒంట్లోకి రావడానికి నోరు తెరవనక్కర్లేదు. మొప్పల గుండా రోజంతా నీళ్లు పారుతూనే ఉంటాయి. కొవ్వులో కరిగే రసాయనాలు ఆ పలుచటి పొరను సులువుగా దాటి నెత్తుట్లోకి వస్తాయి. వచ్చినవి వచ్చినట్టే కొవ్వులో చేరి కూర్చుంటే, నీళ్లలో ఉన్నదానికి కొన్ని వేల రెట్లు చేపలో పోగవుతుంది. అలా పోగు కాకుండా ఆపేది ప్రధానంగా కార్జమే. జిడ్డు గిన్నెకు ఉత్త నీళ్లు పోస్తే జిడ్డు కదలదు, సబ్బు తగిలితే జారిపోతుంది. కార్జం చేసేదీ అలాంటి పనే. మొదట ఒక ఎంజైము ఆ రసాయనానికి ఒక ఆక్సిజన్ పరమాణువును తగిలిస్తుంది. ఆ తర్వాత ఇంకో ఎంజైము, ఆ ఆక్సిజన్‌ను పట్టుగా చేసుకుని, గ్లూకురోనిక్ ఆమ్లాన్నో, సల్ఫేటునో, గ్లూటాథయాన్‌నో అతికిస్తుంది. కొవ్వును పట్టుకుని వేలాడే పదార్థం ఇప్పుడు నీళ్లలో కరుగుతుంది. పిత్తంలో కలిసో, మూత్రంలో కలిసో బయటికి పోతుంది.

ఆక్సిజన్ తగిలించే ఎంజైముల కుటుంబానికి పి-450 అని పేరు. 1958లో క్లింగెన్‌బెర్గ్, గార్ఫింకెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎవరి దారిన వాళ్లు కార్జంలో ఒక వింత రంగు పదార్థాన్ని చూశారు. దానికి కార్బన్ మోనాక్సైడ్ తగిలితే 450 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటోంది. ఎందుకో, అది ఏమిటో తెలియదు. 1960ల మొదట్లో జపాన్‌లో ఒమురా, సాటో అనే ఇద్దరు అది ఇనుము ఉన్న ప్రోటీన్ అని తేల్చారు. సంగతి పూర్తిగా తెలిసేదాకా ఉండనీ అని ఆ కాంతి అంకెనే పేరుగా పెట్టారు. తాత్కాలికంగా పెట్టిన ఆ పేరే ఇప్పటికీ నడుస్తోంది. పెద్దవాళ్లయినా చిన్నప్పటి ముద్దుపేరుతోనే పిలిపించుకునేవాళ్లు మన ఇళ్లల్లోనూ ఉంటారు కదా.

విచిత్రం ఏమిటంటే, చేపలకు ఈ ఎంజైములు లేవని ఒకప్పుడు మహా శాస్త్రవేత్తలే నమ్మారు. అమెరికాలో బెర్నార్డ్ బ్రోడీ అని మందుల జీవక్రియ చదువుకు పునాది వేసినవాళ్లలో ఒకరు ఉండేవారు. ఆయన వాదన వినడానికి బాగానే ఉంటుంది: చేప చుట్టూ నీళ్లే కదా, ఒంట్లోకి వచ్చిన మందు మొప్పల్లోంచి తిరిగి నీళ్లలోకే పోతుంది, దాన్ని విరగ్గొట్టే యంత్రాంగం చేపకు ఎందుకు? నేలమీదికి వచ్చాకే జంతువులకు ఆ అవసరం పడిందని ఆయన అనుకున్నాడు. 1960ల చివరికి బ్యూలర్, రాస్‌ముసన్ అనే పరిశోధకులు ట్రౌట్ చేప కార్జంలో అవే చర్యలను చూపించారు. అయితే ఎలుక కార్జానికి సరిపోయే 37 డిగ్రీల వేడి చల్లటి నీటి చేప ఎంజైముకు పనికిరాదు. చేపను చేప వేడి దగ్గరే పరీక్షించాలి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని ఉంది.

ప్రయోగం ఎలా చేస్తారో కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో కంటికి కనిపించే పని చాలా ఉంది. చేపకు మత్తిచ్చి, పొట్ట తెరిచి, ముందు కార్జంలోకి చల్లటి ఉప్పు ద్రావణం పంపి నెత్తురు కడిగేస్తారు. ఎర్రగా ఉన్న ముక్క మెల్లగా పాలిపోయి లేత గోధుమరంగుకు వస్తుంది. అక్కడి నుంచి అంతా ఐసు మీదే. ముక్కలు చేసి, చల్లటి ద్రావణంలో వేసి, గాజు గొట్టంలో రుబ్బుతారు. చిక్కటి పాయసంలా అయిన దాన్ని సెంట్రిఫ్యూజులో పెట్టి భూమి ఆకర్షణకు 9,000 రెట్ల బలంతో తిప్పితే, కణాల పెంకులూ కేంద్రకాలూ అడుగున గట్టిగా దిగిపోతాయి. పైన కొవ్వు తెట్టు తేలుతుంది. మధ్యన మిగిలిన తేట ద్రవంలో ఎంజైములు ఉంటాయి. ఆ 9,000 లోని తొమ్మిదిని తీసుకుని దాన్ని ఎస్-9 అంటారు. ఈ రోజుల్లో కొన్ని పద్ధతుల్లో ఇంకా వేగంగా తిప్పుతున్నా పేరు మాత్రం మారలేదు. చిన్న చిన్న గొట్టాల్లో పోసి మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచుకుంటే చాలాకాలం పనికొస్తుంది.

రవ్వ, బొచ్చె చేపలతో ఈ పని చేసేవాళ్లకు ఒక చిక్కు ఉంది. ఈ జాతి చేపల్లో క్లోమం విడిగా ఉండదు, కార్జం లోపలే పాయలు పాయలుగా అల్లుకుని ఉంటుంది. క్లోమంలో మాంసకృత్తులను అరిగించే రసాలుంటాయి. కార్జాన్ని రుబ్బగానే అవి బయటపడి, మనం చూడాలనుకున్న ఎంజైములనే తినేస్తాయి. అందుకే ఆ రసాలను ఆపే మందును ముందే ద్రావణంలో కలుపుకోవాలి, చేయి చకచకా ఆడాలి. ట్రౌట్‌తో నేర్చుకున్న పాఠాన్ని రవ్వ దగ్గర అప్పజెబితే సరిపోదు.

ఆ ద్రవానికి పరీక్షించాల్సిన రసాయనాన్ని చాలా కొద్దిగా కలుపుతారు. ఎంజైములు పనిచేయడానికి కావలసిన సామగ్రి కూడా వేస్తారు. ఇన్ని నిమిషాలకు ఒకసారి అని లెక్క పెట్టుకుని కొంచెం కొంచెం తీసి, అసిటోనైట్రైల్‌లో పడేస్తే చర్య అక్కడే ఆగిపోతుంది. మిగిలిన రసాయనం ఎంతో యంత్రం చెబుతుంది. పక్కనే వేడి చేసి చంపేసిన ఎస్-9తో అదే ప్రయోగం నడుస్తుంది. అక్కడ కూడా రసాయనం తగ్గిపోతుంటే కార్జం చేసిన ఘనత ఏమీ లేదన్నమాట, గొట్టం గోడకు అంటుకునో ఆవిరైపోయో ఉంటుంది. ఎంత వేగంగా తగ్గిందో ఆ గీత వాలును బట్టి, మొత్తం చేపలో ఆ రసాయనం ఎంత పోగవుతుందో అంచనా కడతారు.

ఇదంతా ఎందుకంటే, ఒక కొత్త రసాయనం చేపల్లో పోగవుతుందో లేదో తెలుసుకోవడానికి ఇదివరకు ఒక్కటే దారి. వందకు పైగా బతికున్న చేపలను తొట్లలో పెట్టి, వారాల తరబడి ఆ రసాయనంలో ఈదించి, చంపి కొలవడం. నీటిలో ఉన్నదానికి చేపలో 2,000 రెట్లు దాటితే పోగయ్యే రసాయనం, 5,000 దాటితే మరీ ప్రమాదం అని ఐరోపా చట్టం గీత గీసింది. ఒక్కో రసాయనానికి అన్నేసి చేపలంటే ఖర్చు, కాలం, జీవహింస, మూడూ ఎక్కువే. అందుకని ట్రౌట్ కార్జపు ఎస్-9తోనూ, గడ్డకట్టించి దాచిన కార్జ కణాలతోనూ పరీక్షించే రెండు పద్ధతులను 2018లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఆమోదించింది. అంతకుముందు ఆరు ప్రయోగశాలలు ఆరు రసాయనాల మీద ఒకే పద్ధతిలో పనిచేసి, అందరికీ ఒకే రకం ఫలితం వస్తుందా అని సరిచూసుకున్నాయి. ఆ ఆరింటిలో మనకు బాగా తెలిసిన డెల్టామెత్రిన్ ఉంది, దోమతెరలకు పట్టించే మందు. ఫెంథియాన్ కూడా ఉంది, ఇదివరకు దోమల పిల్లపురుగుల మీద చల్లిన మందు.

ఫెంథియాన్ పేరు వచ్చింది కాబట్టి కార్జం గురించి ఒక చేదు నిజం కూడా చెప్పాలి. అది చేసే ప్రతి మార్పూ మేలు చేయదు. ఫెంథియాన్, క్లోర్‌పైరిఫాస్ లాంటి మందుల్లోని గంధకాన్ని తీసి ఆక్సిజన్ పెట్టినప్పుడు అసలు మందుకంటే ఎక్కువ విషం తయారవుతుంది. టైర్లు, చెత్త కాల్చిన పొగలో ఉండే బెంజోపైరీన్ మామూలుగా అంత చురుకైనది కాదు. కార్జం దాన్ని వదిలించుకోబోయి, డీఎన్ఏకు అతుక్కునే రూపంలోకి మారుస్తుంది. అమెరికాలో ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో, మురికి పేరుకున్న అడుగున బతికే ఇంగ్లిష్ సోల్ చేపల కార్జంలో కణితులు కనిపించడానికి ఇలాంటి రసాయనాలే కారణమని అక్కడి పరిశోధకులు చూపించారు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. పటాన్‌చెరు సంగతి ఈ నగరంలో తెలియనివారు లేరు. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు చెందిన యోకిం లార్సన్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. పటాన్‌చెరు దగ్గర సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి, శుద్ధి అయిపోయి బయటికి వచ్చే నీటిని వాళ్లు కొలిచారు. లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మనం జ్వరానికో, విరేచనాలకో వాడే సిప్రోనే. రోజుకు సుమారు 45 కిలోలు పోతోందని లెక్క కట్టారు. తొంభై లక్షల మంది ఉన్న స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడేంత అది. ఆ నీళ్లు ఇసకవాగు, నక్కవాగు గుండా మంజీరకు చేరే దారిలో పోయేవి.

ఆ అంకె ప్రపంచమంతా మారుమోగింది. కానీ నా దృష్టిలో దాని తర్వాత 2009లో అదే బృందం చేసిన పని ఇంకా విలువైనది, దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ వ్యర్థజలాన్ని 500 వంతుల్లో ఒక వంతుగా మంచినీళ్లలో పలచన చేశారు. అందులో రెయిన్‌బో ట్రౌట్ చేపలను ఉంచారు. తర్వాత వాటి కార్జాన్ని తీసి, ఏ జన్యువులు మేల్కొన్నాయో చూశారు. పి-450 కుటుంబంలో ఒకటి, సిప్-1ఏ అని పిలిచేది, గట్టిగా మేల్కొంది. ఎంజైము పనితనం కూడా పెరిగింది. నెత్తుట్లో ఫాస్ఫేటు పాళ్లు మారాయి. అంటే ఒక బిందె మురుగుకు ఐదు వందల బిందెల మంచినీళ్లు కలిపినా చేప కార్జం ఊరుకోలేదు.

ఎంజైము పనితనాన్ని చూసే పద్ధతి చెప్పాలి, అది ఎంతో అందంగా ఉంటుంది. ఇథాక్సీరెసోరుఫిన్ అనే పదార్థాన్ని కార్జపు ద్రవంలో కలుపుతారు. సిప్-1ఏ దాని తోక ఒకటి కత్తిరిస్తే రెసోరుఫిన్ మిగులుతుంది. ఆకుపచ్చ కాంతి వేస్తే అది గులాబీ ఎరుపులో వెలుగుతుంది. ఎంజైము ఎంత ఎక్కువ ఉంటే ఆ వెలుగు అంత త్వరగా పెరుగుతుంది. సముద్రంలో చమురు ఒలికిందా లేదా అని చేపల కార్జం ఎంజైమునే అడగవచ్చని కెనడాలో జాన్ పేన్ 1970ల్లోనే చెప్పాడు. ఇప్పుడు ప్రపంచంలో చాలాచోట్ల ఆ పరీక్ష మామూలైపోయింది.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న. సిప్-1ఏ ను లేపేవి మామూలుగా పొగమసి రసాయనాలు, డయాక్సిన్ల లాంటివి. పటాన్‌చెరు నీటిలో దాన్ని లేపినది ఏది? నీటి పరీక్ష యంత్రానికి మనం ఏ పేర్లు చెబితే ఆ పేర్లనే వెతుకుతుంది. జాబితాలో లేనిది ఉన్నా దానికి కనిపించదు. కార్జానికి జాబితా అక్కర్లేదు. అందుకే ఈ పరీక్షను నీటి పరీక్షకు పక్కన పెట్టుకోవాలని నేను గట్టిగా అంటాను. 2013లో స్టికిల్‌బ్యాక్ అనే వేలెడంత చేపల మీద మళ్లీ ఈ వ్యర్థజలాన్నే పరీక్షించి, ఈ ఎంజైము కుటుంబపు నియంత్రణా పనితీరూ రెండూ చెదురుతున్నాయని చూపించారు.

మందు ఎంజైమును లేపడమే కాదు, దాని నోరు కూడా నొక్కగలదు. ఫ్లుకొనజోల్ సంగతి చూడండి. తామరకూ ఇతర ఫంగస్ జబ్బులకూ వేసుకునే మాత్ర. ఫంగస్‌లోని ఒక పి-450 ఎంజైము ఇనుముకు అతుక్కుని దాని పని ఆపడమే ఆ మందు పని. చేప కార్జంలోనూ, మన కార్జంలోనూ ఉన్నవి దాని దాయాదులే. 2017లో జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులు ప్రచురించిన కొలతల్లో, హైదరాబాదు పారిశ్రామిక ప్రాంతంలోని ఒక మురుగునీటి నమూనాలో లీటరుకు 230 మిల్లీగ్రాములకు పైగా ఫ్లుకొనజోల్ ఉంది. దుకాణంలో దొరికే ఒక మాత్ర 150 మిల్లీగ్రాములు. ఆ లీటరు నీళ్లలో ఒక మాత్రకు మించిన మందు ఉందన్నమాట. కార్జపు ఎంజైములను మూసేసే మందు అంత దట్టంగా ఉన్నచోట, దానితో పాటు వచ్చే మిగతా రసాయనాలు చేపలో ఎంత పోగవుతాయో ఒక్కొక్క మందునూ విడివిడిగా పరీక్షిస్తే తెలియదు.

పటాన్‌చెరు ఎక్కడ, చాంద్రాయణగుట్ట ఎక్కడ అని మీరు అడగవచ్చు. పటాన్‌చెరు వ్యర్థజలాలను అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి చేర్చడానికి సుమారు 18 కిలోమీటర్ల పైపులైను వేశారు. 2009 నుంచి ఆ నీళ్లు అక్కడ నగరపు మురుగుతో కలిసి, శుద్ధి అయ్యి, మూసీలోకి వెళ్తున్నాయి. పాతబస్తీ నాలాలన్నీ చేరేది కూడా ఆ మూసీకే. 2020 అక్టోబరు వానలకు పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి, అల్ జుబేల్ కాలనీలోకీ హాఫిజ్‌బాబానగర్‌లోకీ నీళ్లు వచ్చినప్పుడు ఈ వైపు జనం చూశారు, చెరువులకూ నాలాలకూ ఇళ్లకూ మధ్య గోడలేవీ లేవని. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడతామని 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. దీని మీద నేను చెప్పేదేముంది, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదువుకోవచ్చు.

మరి చేపలు తినొచ్చా అని ఈపాటికి చాలామంది అనుకుంటూ ఉంటారు. మన బజారుకు వచ్చే రవ్వ, బొచ్చెలో ఎక్కువ భాగం ఆంధ్రలోని కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచి, ఐసు పెట్టి లారీల్లో పంపేవి. మూసీ చేపలు కావు. ఏ చెరువు చేపో అడిగి కొనండి. పిత్తం జోలికి పోకండి. ఊరి మురుగు కలిసే చెరువులో పట్టిన చేప అని తెలిస్తే కార్జం కూడా తినకండి.

ఇక మొదట గుర్తుంచుకోమన్న మాట. ఈ పరీక్షల్లో ట్రౌట్ కార్జాన్ని సుమారు 12 డిగ్రీల దగ్గర ఉంచుతారు, ఎందుకంటే ట్రౌట్ బతికే నీళ్లు అంత చల్లగా ఉంటాయి. మన చెరువు నీళ్లు ఎండాకాలం 30 దాటుతాయి. మన రవ్వ అక్కడే బతుకుతుంది, దాని ఎంజైములు ఆ వేడికే అలవాటుపడ్డాయి. ఒకే రసాయనం ట్రౌట్‌లో ఒక రకంగా, రవ్వలో ఇంకో రకంగా కరగవచ్చు. ట్రౌట్ మీద ప్రపంచం తయారుచేసుకున్న అంకెల పట్టికను మనం అలాగే తెచ్చుకుని గోడకు తగిలించుకోలేం. ఇదే ఈ విషయంలో నాకున్న పెద్ద అభ్యంతరం.

ఈ తేడా ఎంతో కొలవడం అసాధ్యమైన పనేమీ కాదు. చాంద్రాయణగుట్ట నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని వెళ్తే కందుకూరు వస్తుంది. నీళ్లను చల్లబరిచి తిప్పే ట్యాంకుల్లో రెయిన్‌బో ట్రౌట్‌ను పెంచే ఫారం అక్కడ ఈమధ్యనే మొదలైంది. చల్లటి దేశపు చేప ఇప్పుడు మన ఎండల మధ్యే దొరుకుతోంది. రాజేంద్రనగర్‌లో చేప ఆకారంలో కట్టిన జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు భవనం ఉంది. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, పక్కనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది. ట్రౌట్ కార్జం ఎస్-9 ఒక గొట్టంలో 12 డిగ్రీల దగ్గర, రవ్వ కార్జం ఎస్-9 ఇంకో గొట్టంలో 28 డిగ్రీల దగ్గర, రెండింటిలోనూ అదే డెల్టామెత్రిన్, అదే ఫెంథియాన్. ట్రౌట్ అంకె ఓఈసీడీ అంకెతో కలిస్తే మన చేయి కుదిరినట్టు. అప్పుడు రవ్వ అంకెను నమ్మవచ్చు. కొర్రమీనుకు అదే పని మళ్లీ చేయాలి, దాని అలవాట్లు వేరు. అది పురుగునూ చిన్న చేపనూ తినే వేటచేప, గాలి కూడా పీలుస్తుంది. ఆ మూడు అంకెలూ చేతికి వచ్చాక, అంబర్‌పేట దిగువన మూసీలోంచి ఒక డబ్బా నీళ్లు పట్టుకొచ్చి, ఎన్ని వంతులకు పలచన చేస్తే రవ్వ కార్జంలో ఆ గులాబీ వెలుగు పెరగడం ఆగుతుందో చూడాలి.